ఇవాళ ఎవ్వరూ పుట్టలేదా?

పరుల సేవలోనే పరమానందం ఉందని పెద్దలు ఏనాడో చెప్పారు. ఓరుగల్లు జనం ఆ మాటను వమ్ము చేయలేదు. అనుమానం ఉంటే, కాస్త పేరున్న మనిషి పుట్టినరోజున ఉదయం పదకొండు గంటలకు ఏదైనా సర్కారు దవాఖాన వార్డులో నిలబడి చూడండి. ఆనందం అరటిగెలల రూపంలో లోపలికి వస్తుంది.

మా చిన్నాన్నకు తుంటి ఎముక విరిగినప్పుడు అలాంటి వార్డులో ఐదు రోజులు తోడుగా ఉన్నాను. సేవాశాస్త్రం అక్కడే వంటబట్టింది. ఒక అరటిపండును ఒక మనిషి ఇస్తే అది పండు. ఎనిమిది మంది పట్టుకుని ఇస్తే సేవ. తొమ్మిదో మనిషి ఫోను పట్టుకోవాలి కాబట్టి పుణ్యంలో అతని వాటా ఎంతో ఇంకా తేలలేదు. వెనక బ్యానరు తప్పనిసరి. దాని మీద ‘ప్రేమతో’ అన్న మాట పండు కంటే పెద్దదిగా ఉండాలి.

పక్క మంచం అవ్వ తాడ్వాయి వైపు నుంచి వచ్చింది. షుగరు ముదిరి కాలికి పుండు పడింది. అరటిపండ్లు ముట్టవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ సంగతి అవ్వకు తెలుసు, నర్సుకు తెలుసు, మంచం కింద సంచిలో మగ్గుతున్న పండ్లకు కూడా తెలిసే ఉంటుంది. ఇచ్చేవాళ్ళు మాత్రం అడగలేదు. తప్పు పట్టకండి, వాళ్ళకు ఇంకా రెండు వార్డులు, ఒక వృద్ధాశ్రమం మిగిలి ఉన్నాయి.

పూర్వీకులకు ఈ నైపుణ్యం లేదు. చెరువు తవ్వించడం, గుడి కట్టించడం, తోట వేయించడం వంటి ఏడింటిని సప్తసంతానాలని లెక్కపెట్టుకుని కాకతీయుల కాలం వాళ్ళు నానా అవస్థ పడ్డారు. కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడినే చూడండి. 1213లో పాలంపేటలో గుడి కట్టించాడు. దాని దగ్గర్లోని చెరువు కింద ఇప్పటికీ పొలాలు పండుతున్నాయి. అంత గొప్ప శిల్పులను పెట్టుకుని, అన్ని మదనికలను చెక్కించిన మనిషి, తాను రైతుకు చెంబుతో నీళ్ళందిస్తున్న బొమ్మ ఒక్కటైనా చెక్కించుకోవద్దా? శాసనమైతే వేయించాడు గానీ దాన్ని చదివేవారెవరు? చివరికి ఆ గుడికి రామప్ప అన్న శిల్పి పేరే మిగిలిందని చెప్పుకుంటారు. ప్రచార విభాగం లేకపోతే అంతే.

రక్తదానం గురించి కూడా ఒక మాట. అది మంచిదే, కానీ లాభసాటి కాదు. 350 మిల్లీలీటర్లు ఇచ్చిన మగవాడు మళ్ళీ ఇవ్వాలంటే 3 నెలలు ఆగాలి. అరటిపండుకు ఆ అడ్డంకి లేదు, సాయంత్రానికే మళ్ళీ ఇవ్వవచ్చు. చలివేంద్రం ఇంకా సులువు. మా వీధి చివర మొన్న వేసవిలో ఒకటి ప్రారంభించారు. కుండలు మూడో రోజుకే ఎండిపోయాయి. ఫ్లెక్సీ మాత్రం వానాకాలం దాకా నిలిచి, ఒక పుచ్చకాయల బండికి, నాలుగు మేకలకు నీడనిచ్చింది. సేవ జరగలేదని ఎవరంటారు?

నాకు బెంగల్లా ఒకటే. సేవ చేసి ఆనందం పొందాలనుకునేవారు ఎక్కువైపోతున్నారు. కూర్చోబెడితే కూర్చుని, చేయి చాచమంటే చాచే ఓపికున్న రోగులు ఎంతమందని దొరుకుతారు? నాలుగో రోజు ఒక కుర్రాడు వచ్చాడు. పాపం, మొదటి పుట్టినరోజు సేవలా ఉంది, చేతులు వణుకుతున్నాయి. ఫొటో సరిగ్గా రాలేదని అతని ముఖం చిన్నబోయింది. అవ్వే అతన్ని ఓదార్చింది. “నేనే కళ్ళు మూసుకున్నాను బిడ్డా, మళ్ళీ తీసుకో” అంటూ కాలి నొప్పికి పళ్ళు బిగబట్టి లేచి కూర్చుంది. కొంగు సర్దుకుని, తనకు పనికిరాని పండును రెండు చేతులతో అందుకుని నవ్వింది. కుర్రాడు సంతోషంగా వెళ్ళిపోయాడు. అవ్వ ఆ పండును మా చిన్నాన్నకిచ్చింది. అప్పుడు ఫొటో తీయడానికి ఎవరూ లేరు, నా ఫోనులోనేమో చార్జింగు అయిపోయింది.

ఐదో రోజు పదకొండు దాటినా ఎవరూ రాలేదు. అవ్వ అప్పటికే తల దువ్వుకుని, దిండుకు ఆనుకుని సిద్ధంగా కూర్చుంది. కాసేపు తలుపు వైపు చూసి, నా వైపు తిరిగింది.

“ఇవాళ ఎవ్వరూ పుట్టలేదా బిడ్డా?”