సవరణ: ఈయం కట్టడిలో రెండో పాదిరీ

ఇంగ్లండ్‌లో డెర్బీషైర్‌లోని ఈయం గ్రామంపై రాసిన క్రితం టపాలో, 1666లో ప్లేగు బయటికి పాకకుండా ఊరిని కట్టడి చేసిన ఘనత అంతా పాదిరీ విలియం మాంపెసన్‌దే అన్నట్టుంది. అక్కడ థామస్ స్టాన్లీ పేరునూ కలిపి చదవాలి. అంతకుముందు ఆ ఊరి పాదిరీ ఆయనే. ప్యూరిటన్ (ఇంగ్లండ్ అధికార చర్చి పద్ధతులను ఒప్పుకోని ప్రొటెస్టెంట్) కావడంతో పదవి పోయింది గానీ జనానికి గురి మాత్రం ఆయన మీదే. ముప్పై కూడా నిండని కొత్త పాదిరీ మాట ఊరు విన్నదంటే, నా లెక్కలో సగం పుణ్యం పాతాయనదే.

‘ఎవరూ ఊరు దాటలేదు’ అన్న వాక్యమూ తీసేయాలి. మాంపెసన్ పిల్లలను ముందే పంపించేశారు. భార్య కాథరిన్ ఉండిపోయి, ఆగస్టులో ప్లేగుతో చనిపోయింది.

సరిహద్దు రాయి సంగతి యథాతథం: నాణేల ద్వారా రోగం అంటకుండా ఊరివాళ్లు ఆ రాతి గుంటల్లో వెనిగర్ పోసి, అందులో నాణేలు వేసి, బయటివారు పెట్టిపోయిన సరుకు తెచ్చుకునేవారు.