ఘాజీని ముంచింది కురుసుర కాదు

విశాఖ ఆర్‌కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి చూసి దిగొచ్చాక ‘పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని ముంచింది ఇదేనట’ అనుకునేవాళ్లు తక్కువేం కాదు. తప్పు వాళ్లది కాదు. 1971 విజయానికి గుర్తుగా 1996లో కట్టిన ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం, 2002లో మ్యూజియంగా మారిన కురుసుర ఒకే రోడ్డు మీద ఉన్నాయి. రెంటినీ కలిపి చూస్తే కథ తనంతట తానే అల్లుకుంటుంది. ‘ఘాజీ’ సినిమా వచ్చాక మరీను.

రికార్డు వేరు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి విశాఖ రేవు బయట డెప్త్ చార్జీలు (నీటి లోతున పేలే బాంబులు) వదిలింది ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్. 1949లో బ్రిటన్ నుంచి మనకొచ్చిన పాత డిస్ట్రాయర్ రకం యుద్ధనౌక అది. ఘాజీ వెతుకుతున్న మన విమానవాహక నౌక విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు ఉంది. అది ఇక్కడే ఉందన్న భ్రమ కలిగేలా వైర్‌లెస్ సందేశాలు పంపిందీ రాజ్‌పుతే. పేలుడు డెప్త్ చార్జీలదా, ఘాజీ తానే నీళ్లలో పరిచిన మైను (మందుపాతర)దా, లోపలి ప్రమాదమా అన్నది నేటికీ తెగని వాదన. కురుసుర ఆ యుద్ధానికి ముందు గస్తీ తిరిగింది అరేబియా సముద్రంలో. డిసెంబరు 4న నేవీ డే జరిపేది కూడా కరాచీపై మిసైల్ బోట్ల దాడికి గుర్తుగా. అదీ పడమటి తీరం సంగతే.

కురుసురకు అరువు కీర్తి అక్కర్లేదు. 1969 డిసెంబరులో అప్పటి సోవియట్ యూనియన్‌లోని రీగాలో నౌకాదళంలో చేరింది. విడిభాగాల కొరత వచ్చినప్పుడు దీని భాగాలు ఊడదీసి మరో జలాంతర్గామి వాగ్షీర్‌కు బిగించారు. మళ్లీ మరమ్మతు చేసి నీళ్లలోకి దింపితే 2001 ఫిబ్రవరి దాకా పనిచేసింది. గైడ్లు ముందు చెప్పాల్సిన కథ ఇదే.

ఇసుకలో నిలబెట్టాక దీని అసలు శత్రువు ఉప్పుగాలి. సముద్రంలో ఉక్కు ఒంటిని కాపాడే జింకు దిమ్మలు నీళ్లలో మునిగి ఉంటేనే పనిచేస్తాయి. ఒడ్డున వాటివల్ల ఒరిగేది సున్నా. ఇక మిగిలింది రంగు ఒక్కటే. తుప్పు మొదలయ్యేది కంటికి కనిపించే పక్కల మీద కాదు, కింద ఊతంగా పెట్టిన దిమ్మెల మీద ఆనిన చోట, వెల్డింగ్ అతుకుల్లో, పైతొడుగు కింద నీరు నిలిచే మూలల్లో. మంచినీళ్లతో ఉప్పు కడిగి, లోహం తేలేదాకా గీకి, ఆ రోజే ప్రైమర్ (రంగు కింద వేసే తొలిపూత) వేయాలి. పండగ ముందు హడావుడిగా పైపూత పూస్తే కింద మిగిలిన ఉప్పు తేమను పీల్చుకుంటుంది, కొన్ని నెలలకే రంగు బొబ్బలెక్కుతుంది. ఎదురుగా 2017లో పెట్టిన టీయూ-142 విమానం బాధ ఇంకో రకం: అల్యూమినియం రేకుకు ఉక్కు బోల్టు తగిలి ఉప్పు తడి చేరితే రేకే ముందు తినేసుకుపోతుంది.

కాళ్ల కింద ఇసుక కూడా నమ్మకం లేనిదే. దక్షిణం నుంచి ఉత్తరానికి కదిలే ఇసుకను ఔటర్ హార్బర్ అడ్డుగోడలు ఆపేస్తాయి. అందుకే పోర్టు తవ్విన ఇసుకను ఈ తీరానికి పంపు చేయాల్సి వస్తోంది. 2014లో హుద్‌హుద్ తుపాను ఈ రోడ్డునెలా కొరికిందో ఊరు చూసింది.

ఇంతకీ ఊరి మీదే బాంబులు పడ్డ రోజు 1971లోది కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ రేవునూ కాకినాడనూ కొట్టాయి, జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగెత్తారు. ఆనాటి బాంబు ఒకటి ఇదే బీచ్ రోడ్డులో, డచ్చి బంగళాలోని విశాఖ మ్యూజియంలో ఉంది. కురుసుర టికెట్టు కౌంటరు పక్కన తెలుగులో రెండు బోర్డులు చాలు: ఒకటి రాజ్‌పుత్ పేరుతో, రెండోది ఆ బాంబు దగ్గరికి దారి చూపుతూ.