పూలకాడ గారికి ఒక సంజాయిషీ నోటీసు

గౌరవనీయులైన ఫాలెనాప్సిస్ ఆర్కిడ్ పూలకాడ గారికి,

నమస్కరించి వ్రాయునది. కిటికీ పక్కన కుండీలలో తమరూ తమ సోదరులూ వెలసిన నాటి నుంచి తమ వంశం నడవడిని గమనిస్తున్న నాకు కొన్ని సందేహాలు, అంతకు మించి ఫిర్యాదులు పోగుపడ్డాయి. ముఖాముఖి విన్నవించుకుందామంటే తమరు ఎప్పుడూ వెలుతురు వైపే మొహం తిప్పుకుని ఉంటారు కనుక ఈ బహిరంగ లేఖ తప్పలేదు.

ముందుగా తమ రాక సంగతి. ఆకు మొదట్లో పచ్చటి మొన తొంగిచూసినప్పుడు, అది నున్నగా గుండ్రంగా మెరుస్తుంటే వేరని, కాస్త చదునుగా, బొటనవేలు విడిగా కుట్టిన చేతితొడుగులా ఉంటే పూలకాడ అని తెలిసినవాళ్లు చెబుతారు. తమరు మాత్రం తొలి రోజుల్లో రెండు పోలికలనూ సమానంగా ధరించి, భూతద్దం పట్టుకుని వంగి చూసేవాళ్లను వెర్రివాళ్లను చేస్తారు. అంతటితో ఆగక, ఆకుకూ కాండానికీ మధ్య రాచబాట లాంటి సందు ఉండగా దాన్ని కాదని, ఒక్కోసారి ఆకు అడుగును చీల్చుకుని మరీ దర్శనమిస్తారు.

ఏర్పాట్లలో లోపం జరిగిందన్న నింద నా మీద వేయడానికి వీల్లేదు. గదిలో వేడి 28 డిగ్రీల సెల్సియస్ దాటుతూ ఉన్నంత కాలం తమరు మొగ్గ దశలోనే ముసుగుతన్ని పడుకుంటారని, కొన్ని వారాల పాటు 25 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా చల్లబడితే తప్ప కళ్లు తెరవరని తెలిసి, ఆ చల్లదనాన్ని శ్రద్ధగా సమకూర్చాను. తమరు దయతలచి బయలుదేరారు, జానెడు సాగారు. ఈలోగా ఎండలు ముదిరాయి. పూమొగ్గలింకా రూపు కట్టలేదు కాబట్టి, పూయాలన్న తీర్మానాన్ని తమరు ఏకపక్షంగా రద్దు చేసుకుని, కణుపు దగ్గర రెండు బుల్లి ఆకులు తొడిగి, వాటి కింద వేళ్లు దింపి, పిలకగా అవతరించారు. పిలక రావడం అదృష్టమని, వేళ్లు రెండంగుళాలు సాగాక కోసి వేరే కుండీలో పెట్టుకోవచ్చని కొందరు నన్ను ఓదారుస్తున్నారు. పూలు అడిగినవాడి చేతిలో పసిమొక్కను పెట్టి, అది పూసేదాకా మరో రెండు మూడేళ్లు ఓపిక పట్టమనడం ఓదార్పు ఎలా అవుతుందో నాకైతే బోధపడలేదు. మాట తప్పిన ప్రతివాడూ ఇలాగే ఒక పిలకను చూపించి తప్పించుకుంటే లోకం ఏం కావాలి?

తమ నడక తీరు ఇంకో తలనొప్పి. వెలుతురు ఎటుంటే అటు వంగడం తమ స్వభావమే కావచ్చు గానీ, నీళ్లు పోయడానికి కుండీని ఒక్కసారి తిప్పినంత మాత్రాన మెడ వెనక్కి విరిచి, మళ్లీ తిప్పితే మళ్లీ విరిచి, చివరికి పాము మెలికలతో నిలబడాలా? పోనీ కర్ర పాతి కడదామంటే దానికీ ముహూర్తం ఉంది. ప్రతి మొగ్గా తన సన్నని తొడిమ మీద సగం చుట్టు తిరిగి, పెదవిలా వేరే రూపంలో ఉండే రేకు (పెదవి రేకు) కిందికి వచ్చేలా దిక్కు చూసుకుని విచ్చుకుంటుంది. ఆ తిరుగుడు పూర్తయ్యాక తమరిని నిటారుగా కట్టామో, కొన్ని పూలు గోడను, కొన్ని ఇంటి కప్పును చూస్తూ ఉండిపోతాయి. అతిథులు వచ్చి, ఈ పూలు అలిగాయా అని అడిగితే నేను తమ తరఫున ఏం చెప్పుకోవాలి?

అయితే ఇవన్నీ క్షమించదగినవే. క్షమించలేనిది పక్క కుండీలోని తమ సోదరుడు చేసిన పని. ఈ మొక్కకు కాండం ఒక్కటే, దానికి కొసా ఒక్కటే, కొత్త ఆకు ప్రతిదీ అక్కడి నుంచే రావాలి. ఆకు సందులన్నీ ఖాళీగా ఉండగా ఆ మహానుభావుడు సరిగ్గా నడినెత్తి మీది చిగురునే ఆక్రమించి పూలకాడగా మారాడు. పూలు వచ్చాయి, నిజమే, వాటి అందానికి వంక పెట్టలేను. కానీ ఆ కాండానికి ఇక కొత్త ఆకు లేదు. ఉన్న ఆకులు ముసలివై రాలేలోపు మొదట్లోంచి ఒక పిలక లేస్తే వంశం నిలుస్తుంది, లేకపోతే అంతే సంగతులు. ఇంటి దూలాన్ని పీకి తోరణం కట్టేవాడిని కళాకారుడని మెచ్చుకోవడం నా వల్ల కాదు.

తమ కణుపుల్లో నిద్రపోయే మొగ్గలనే ప్రయోగశాలల్లో పెంచి ఒకే పోలికగల మొక్కలను వేలకొద్దీ తయారుచేస్తారు. అందులోనూ అప్పుడప్పుడు పక్క రేకులు పెదవి రేకు వేషం వేసుకుని తికమక పెడుతుంటాయి కాబట్టి, క్రమశిక్షణారాహిత్యం తమ రక్తంలోనే ఉందని భావించవలసి వస్తోంది.

కావున తమకు తెలియజేయునది ఏమనగా, ఈసారి పూలు రాలాక కూడా తమరు పచ్చగానే ఉంటే, కింద నుంచి రెండో మూడో కణుపుకు కాస్త పైన కత్తిరించడం జరుగుతుంది. ఆ కణుపు పక్కకొమ్మ వేసి పూస్తుందా, పిలక పెడుతుందా, ఏమీ తోచక ఎండిపోతుందా అన్నది ముందుగా లిఖితపూర్వకంగా తెలుపగలరు. జవాబు రాని పక్షంలో మొదలంటా కోసి, మొక్కకు వచ్చే చలికాలం దాకా విశ్రాంతి మంజూరు చేయబడును.

ఇట్లు,
తమ కుండీల యజమాని అని ఇంకా భ్రమపడుతున్న,
విధేయుడు