సొరుగులో భద్రంగా ఉన్న నీతి

వృత్తిధర్మం చచ్చిపోయిందని, ఉద్యోగాల్లో నీతీ నియమం మంటగలిసిపోయాయని అనంతపురంలో ఏ టీ అంగడి ముందు నిలబడినా వినిపిస్తుంది. సప్తగిరి సర్కిల్ నుంచి క్లాక్ టవర్ దాకా నడిస్తే చాలు, ఈ మాట అనేవాళ్ళు నలుగురైనా తగులుతారు. వాళ్ళలో ముగ్గురు ఆఫీసు వేళల్లోనే అక్కడ నిలబడి ఉంటారన్నది వేరే సంగతి. వాళ్ళ ఆవేదనను నేను తక్కువ చేయడం లేదు. కానీ చాలాకాలంగా గమనిస్తున్న పౌరుడిగా చెబుతున్నాను, నీతి ఎక్కడికీ పోలేదు. ఉండాల్సిన బీరువాలో లేదు కాబట్టి లేదనుకుంటున్నాం. అది సొరుగులో ఉంది.

భూముల పనులు చూసే ఒక కార్యాలయాన్ని తీసుకుందాం. పేరు చెప్పడం మర్యాద కాదు. చెప్పకపోయినా ప్రతి పాఠకుడూ అది తన ఊళ్ళోదేనని అనుకుంటాడు, అతన్ని నిరుత్సాహపరచడం నాకిష్టం లేదు. గోడ మీద ‘లంచం అడిగితే ఫిర్యాదు చేయండి’ అనే బోర్డు ఉంది, ఫోన్ నంబరుతో సహా. నంబరు చివరి రెండంకెల మీద బంగారం అంగడివాళ్ళ క్యాలెండరు వేలాడుతోంది. బోర్డు పెట్టమన్నారు, పెట్టారు. క్యాలెండరు పెట్టొద్దని ఎవరూ అనలేదు.

అక్కడ బెంచీ మీద కాసేపు కూర్చుంటే చాలు, సమానత్వం అంటే ఏమిటో తెలుస్తుంది. పాసుపుస్తకంలో పేరు మార్పు కోసం కూడేరు వైపు నుంచి వచ్చిన ముసలాయనకు ఎకరాకు ఏ రేటు చెప్పారో, ఏసీ కారు దిగి వచ్చిన వెంచర్ల ఆసామికీ అదే రేటు చెప్పారు. కులం అడగలేదు, మతం అడగలేదు, ఏ పార్టీ అనీ అడగలేదు. రాజ్యాంగంలోని 14వ అధికరణం ఇంత నికార్సుగా అమలయ్యే చోటు జిల్లాలో మరొకటి ఉందని నేననుకోను. ముసలాయన పంచె కొసన కట్టుకొచ్చిన ముడి విప్పి నోట్లు లెక్కపెడుతుంటే అటెండరు విసుక్కోకుండా నిలబడ్డాడు. వాటిలో ఒక ఐదొందల నోటు మధ్యకు చినిగి ఉంటే వెనక్కిచ్చి, “పెద్దాయనా, ఇది అంగట్లో ఎవురూ తీసుకోరు, బ్యాంకులో ఇచ్చి మార్చుకో” అని సలహా కూడా చెప్పాడు. ప్రజలతో మర్యాదగా మెలగాలని ఉద్యోగులను హోటల్ హాళ్ళలో కూర్చోబెట్టి, భోజనం పెట్టి మరీ శిక్షణ ఇప్పిస్తుంటారు. ఈ అటెండరు ఏ శిక్షణకూ పోలేదు. ఆ భోజనం అతని గ్రేడుకు రాదు.

పూచీ సంగతి చెప్పకపోతే అన్యాయం చేసినవాణ్ణవుతాను. పని కాకపోతే డబ్బు వాపసు. మధ్యలో కోర్టు స్టే వచ్చి ఒక రైతు పని ఆగిపోతే, తీసుకున్నదంతా పైసాతో సహా లెక్కపెట్టి చేతిలో పెట్టారట, “నీ ఉసురు మాకెందుకప్పా” అని. అదే పని కోసం ఆయన కట్టిన ప్రభుత్వ చలానా డబ్బు మాత్రం ఇంకా రాలేదు. దానికోసం పెట్టుకున్న అర్జీ ఏ సీటు దగ్గరుందో తెలుసుకోవడానికి మళ్ళీ ఆ అటెండరునే ఆశ్రయించాడు. అటెండరు ఊరికే కనుక్కుని చెప్పాడు.

ఇక పంపకం. ఇక్కడే నాకు కళ్ళు చెమర్చాయి. సెల్‌ఫోన్‌కు ముఖం చూపించి హాజరు వేసే పద్ధతి ప్రభుత్వ కార్యాలయాల్లోకి వచ్చి కొన్నేళ్ళయింది. పొద్దున పదింటికి ముఖం వస్తుంది, మనిషి నిదానంగా ఉగ్గాని బజ్జీ తిని వస్తాడు. శనివారం సాయంత్రం ఐదున్నరకు మాత్రం ఏ యాపూ లేకుండానే నూటికి నూరు శాతం హాజరు. ఖాకీ కవర్లు, వాటి మీద పేర్లుండవు, సీటు గుర్తులే. పై అధికారికి ఎంత, గుమస్తాకు ఎంత, రాత్రి కాపలా మనిషికి ఎంత అన్నది ఎన్నడో తేలిపోయిన లెక్క. తక్కువొచ్చిందని ఎవరూ కోర్టుకు పోలేదు. ఆడిట్ అభ్యంతరం ఒక్కటీ లేదు. కంప్యూటర్ ముందు కూర్చునే అవుట్‌సోర్సింగ్ అమ్మాయి కాన్పుకు పుట్టింటికి పోయింది. మొదటి ఇద్దరు బిడ్డలకు ప్రసూతి సెలవు 26 వారాలు, జీతంతో సహా, అని 2017 నుంచీ చట్టం చెబుతోంది. ఏజెన్సీవాళ్ళు ఆ చట్టాన్ని ఇంకా చదువుతున్నారు, చదవడం పూర్తయ్యేదాకా జీతం ఆపారు. సొరుగు ఆపలేదు. ధర్మవరం బస్సులో రోజూ వెళ్ళొచ్చే తోటి ఉద్యోగి చేత ప్రతి శనివారం ఆ అమ్మాయి కవరు ఇంటికి చేరింది. ఒక వారం దానితోపాటు పసిబిడ్డకు జుబ్బా కూడా వెళ్ళింది, అందరూ తలా కొంత వేసుకుని కొన్నది. ఉద్యోగినుల సంక్షేమం గురించి సదస్సులు పెట్టేవాళ్ళు ఒక శనివారం వచ్చి చూసిపోతే బాగుంటుంది.

ఇంత చక్కటి వ్యవస్థలోకి ఒకసారి ఒక నిజాయితీపరుడు బదిలీ మీద వచ్చిపడ్డాడు. మనిషి చెడ్డవాడని నేననను, కానీ కలిసిపోయే స్వభావం కాదు. కవరు తీసుకోనన్నాడు. ఆ వారం లెక్క తేలలేదు. మిగిలిన కవరును ఏం చేయాలన్నది పెద్ద టెన్షన్ అయింది. పంచుకుందామంటే ఒకరి వాటా తినే పాపం, వదిలేద్దామంటే ఎవరి చేతిలో వదలాలి? చివరికి పెద్దలు కూర్చుని, ఆయన వాటాను వినాయక చవితి మండపానికి, అన్నదానానికి జమచేయాలని తీర్మానించారు. ఆ ఏడు అన్నదానంలో ఓలిగలు వడ్డించారు. నిజాయితీపరుడు కూడా వరసలో కూర్చుని రెండు తిన్నాడు, అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆయనకు ఎవరూ చెప్పలేదు. తర్వాత ఆయన్ను కర్ణాటక సరిహద్దున ఉన్న డి.హీరేహాళ్ వైపు బదిలీ చేశారు. గాలి మార్పు మంచిదే.

చట్టానికి మాత్రం ఈ సున్నితాలు అర్థం కావు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించి, ఇచ్చినవాడిది కూడా నేరమే అన్నారు. బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజుల్లోగా పోలీసులకో, దర్యాప్తు సంస్థకో చెప్పుకుంటే బయటపడతాడు. మనవాళ్ళు ఈ గడువును గౌరవించారు. అందుకే పనిని ఐదో రోజుకల్లా ముగించి కాగితం చేతిలో పెడుతున్నారు. పని అయిపోయినవాడు ఫిర్యాదు చేయడు. ఏ పని ఎన్ని రోజుల్లో చేయాలో రాసి గోడకు తగిలించిన సిటిజన్ చార్టర్ ఇన్నేళ్ళలో సాధించలేని వేగం ఇది. తీసుకున్నవాడికి మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. ఏసీబీవాళ్ళు నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూసి పంపుతారు, తీసుకున్న చేతులను సోడియం కార్బొనేట్ నీళ్ళలో ముంచితే నీళ్ళు గులాబీ రంగుకు తిరుగుతాయి. అందుకే చేత్తో ముట్టకుండా సొరుగు తెరిచి పట్టే పద్ధతి వచ్చింది. ఇప్పుడు సొరుగు కూడా పాతబడింది. రోడ్డు అవతల జిరాక్స్ అంగడి గోడ మీద క్యూఆర్ కోడ్ ఉంది. రెండు కాగితాల జిరాక్స్‌కు ఎనిమిది వేలు పంపి, “చిల్లర ఉంచుకో అన్నా” అని వెళ్ళిపోయే రైతులున్న జిల్లాను పట్టుకుని కరువు జిల్లా అంటారు.

సక్రమమైన సొమ్ము ఎట్లా నడుస్తుందో కూడా చూడాలి కదా. ఉపాధి హామీ పథకాన్ని దేశం మొత్తానికీ మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న ప్రారంభించారు. కూలి 15 రోజుల్లోగా అందాలి అన్నారు. ఆపైన ఆలస్యమైతే రోజుకు 0.05 శాతం పరిహారం అని నిబంధనల్లో రాసుకున్నారు. మూడొందల కూలికి అది రోజుకు 15 పైసలు. ఆ 15 పైసలు ఇవ్వాలంటే ఆలస్యం జరిగిందని ఒకరు ఒప్పుకోవాలి, అది తనవల్ల కాదని ఇంకొకరు రాయాలి, ఆ రాసింది నిజమేనని మూడోవారు సంతకం పెట్టాలి. ముగ్గురి జీతం లెక్కేస్తే పరిహారం కంటే దాన్ని మంజూరు చేసే కాగితమే ఖరీదు. ఎండలో మట్టి తవ్విన ఆడమనిషి వేళ్ళ గీతలు అరిగిపోయి వేలిముద్ర పడకపోతే, ఆ తప్పు మళ్ళీ ఆమెదే.

ఆరోగ్యశ్రీ కూడా అంతే. 2007 ఏప్రిల్ 1న తొలి విడతలో మొదలైన మూడు జిల్లాల్లో మనదొకటి. బిల్లులు రాలేదని ప్రైవేటు ఆస్పత్రులు సేవలు ఆపుతామనడం, చర్చలు, కొంత విడుదల, మళ్ళీ ఆపుతామనడం మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. అదే చోట పల్లె నుంచి రోగిని ఆటోలో వేసుకొచ్చిన ఆర్‌ఎంపీకి రావాల్సిన కమీషన్ చూడండి. రోగిని స్ట్రెచర్ మీద నుంచి మంచం మీదికి మార్చేలోపు ఆయన ఫోన్ టింగుమంటుంది. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు అని వైద్యుల వృత్తి నియమావళిలో 2002లోనే రాశారు. ఆర్‌ఎంపీ ఆ లెక్కన డాక్టరు కాదు కాబట్టి ఆయనకు అది వర్తించదు. డబ్బు పంపిన మేనేజరూ డాక్టరు కాదు, ఆయనకూ వర్తించదు. డాక్టరుగారికి వర్తిస్తుంది, కానీ ఆయన ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నారు.

పెద్ద కంపెనీల సామాజిక బాధ్యత గురించి రెండు ముక్కలు. ఏడాదికి ఐదు కోట్లు లాభమో, వెయ్యి కోట్ల టర్నోవరో ఉన్న కంపెనీ తన సగటు లాభంలో రెండు శాతం సమాజానికి ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం చెప్పింది. లెక్కలు మార్చి 31న మూస్తారు. అందుకని మన వైపు మొక్కలు మార్చి ఆఖరి వారంలో నాటుతారు. నలభై డిగ్రీల ఎండలో, టోపీలు పెట్టుకుని, ఫ్లెక్సీ నీడన. మొక్క జానెడు, దాని పక్కన కంపెనీ పేరున్న రేకు మూరెడు. నర్సరీవాడి నుంచి రావాల్సినది గుంతలు తీయకముందే వచ్చేసింది. నీళ్ళు పోసేది కాంట్రాక్టు మనుషులు. వాళ్ళ పీఎఫ్ ఏ ఖాతాలో పడుతోందని అడిగితే, అది మిగతా 98 శాతంలోని విషయం, సామాజిక బాధ్యత కిందికి రాదు.

చట్టం లేని రోజుల్లో పద్ధతి తెలియనివాళ్ళు కొందరుండేవారు. స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ జిల్లాకు వచ్చి పల్లెపల్లెనా బడులూ ఇళ్ళూ కట్టించుకుంటూ పోయాడు. 1990లలో సత్యసాయి ట్రస్టు వందల ఊళ్ళకు తాగునీటి పైపులు వేసింది. రెండు శాతం దగ్గర ఆగాలన్న జ్ఞానం ఎవరికీ లేదు.

ఏటా అక్టోబరు చివర్లో పటేల్ జయంతి వచ్చే వారాన విజిలెన్స్ అవగాహన వారోత్సవాలు జరుగుతాయి. లంచం తీసుకోను, ఇవ్వను అని బ్యాంకుల్లో, కేంద్ర సంస్థల్లో చెయ్యి ముందుకు చాపి ప్రతిజ్ఞ చేస్తారు. ఆన్‌లైన్‌లో చేస్తే సర్టిఫికెట్ కూడా ఇస్తారు, వెంటనే వస్తుంది, చేయి తడపనక్కర్లేదు. మన కార్యాలయంలోనూ ఆ స్ఫూర్తితో ఒకసారి ప్రతిజ్ఞ చదివారు. ఆ వారమంతా సొరుగు మూసే ఉంచారు. బాకీలు పై వారం తీరాయి.

ఇవన్నీ ఆలోచించి జిల్లా యంత్రాంగానికి పంపుదామని ఒక ప్రతిపాదన రాసుకున్నాను. అవుట్‌సోర్సింగ్ జీతాలు, ఉపాధి కూలి, ఆస్పత్రి బిల్లులు, పంట బీమా, అన్నీ ఖజానా నుంచి తీసేసి ఆ కార్యాలయంలో కవర్లు కట్టే మనిషికి అప్పగించాలి. అతన్ని వృత్తిధర్మ నోడల్ అధికారిగా ప్రకటించాలి. సొరుగుకు ప్రభుత్వ గుర్తింపు ఇచ్చి, పద్దు నంబరు కేటాయించాలి. అందరికీ ప్రతి శనివారం ఐదున్నరకు.

పంపేముందు ఆ కవర్లు కట్టే మనిషికి చదివి వినిపించడం ధర్మమనిపించింది. కవర్లు కట్టేది ఎవరో కాదు, ముసలాయనకు చినిగిన నోటు వెనక్కిచ్చిన అటెండరే. అవుట్‌సోర్సింగే, జీతం అందక మూడో నెల నడుస్తోంది. కాగితం మొత్తం శ్రద్ధగా విన్నాడు. మంచిగా రాసినారు అన్నాడు. తర్వాత కాగితాన్ని మడిచి నా జేబులోనే పెట్టి, “వద్దు సార్, ఇది ఈడికే ఉండనీండి. గవర్మెంటు చేతికిస్తే ఇది గూడా మూన్నెల్లు లేటయితాది” అన్నాడు.