తొంభై నిమిషాల క్యాసెట్టూ, జీవితాన్ని మార్చిన పది ఆల్బమ్‌లూ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నలభై దాటిన మగవాళ్ళకు షుగరు, బీపీల తర్వాత ఈ మధ్య ఇంకో జబ్బు పట్టుకుంది. 'నా జీవితాన్ని మార్చేసిన పది ఆల్బమ్‌లు' అని ఇంగ్లీషు రాక్ ఆల్బమ్‌ల జాబితా రాసుకుంటారు. ఎదురుపడ్డ వాణ్ణి పదీ వినేదాకా కదలనివ్వరు. బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్, లెడ్ జెప్లిన్ నాలుగోది, డీప్ పర్పుల్ 'మెషీన్ హెడ్', పింక్ ఫ్లాయిడ్ 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్', ఐరన్ మెయిడెన్ 'ద నంబర్ ఆఫ్ ద బీస్ట్', మెటాలికా 'మాస్టర్ ఆఫ్ పపెట్స్'. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో అడిగినా ఇవే, ఒంగోలు లాయరుపేటలో అడిగినా ఇవే. రేషన్ కార్డు మీద ఇచ్చినట్టు అందరికీ అవే సరుకులు.

నెల్లూరు తిప్పరాజువారి వీధిలో ఒకప్పుడు సొంతిల్లున్న గాయకుడు బాలు పేరు మాత్రం ఒక్క జాబితాలోనూ కనపడదు. ఆయన పాట మోగకుండా ఈ ఊళ్ళో ఒక్కడి పెళ్ళీ జరగలేదు. అయినా మమ్మల్ని తీర్చిదిద్దింది బ్లాక్ సబ్బాత్ పుట్టిన బర్మింగ్‌హామ్ వాళ్ళే అంటారు. అంత పెద్ద మాట అన్నాక ఊరుకోవడం ధర్మం కాదని, బాధ్యత గల పౌరుడిగా నేనే విచారణకు దిగాను.

మొదటి ప్రశ్న, జీవితం ఎక్కడ మారింది? నాన్న రాయమంటే ఎంసెట్ రాశారు. అమ్మ చూపించిన అమ్మాయినే చేసుకున్నారు. అందరూ కొన్న చోటే స్థలం కొన్నారు. రాక్ వినని పక్కింటాయన కూడా సరిగ్గా ఇదే చేశాడు, వాయిదాలు కూడా ఇద్దరివీ ఒకే బ్యాంకులో.

బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ సంగతి చూడండి. పదిహేడేళ్ళ వయసులో రేకుల ఫ్యాక్టరీలో, అదీ ఉద్యోగంలో ఆఖరి రోజున, మిషన్లో పడి కుడిచేతి రెండు వేళ్ళ కొనలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, అంటే తీగలు నొక్కాల్సింది ఆ వేళ్ళతోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. 1971లో 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' వచ్చేసరికి, వేళ్ళకు శ్రమ తగ్గాలని తీగల బిగువు సడలించి శ్రుతి దించేశాడు. తర్వాత వచ్చిన మెటల్ అనే బరువైన రాక్‌లో చాలా భాగం ఆ దించిన శ్రుతి చలవే. జీవితం మారడం అంటే అదీ. మనవాడికి మారింది టీషర్టు రంగు. అయితే రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం, నల్ల టీషర్టుతో వీఆర్సీ సెంటర్లో నిలబడటం కూడా త్యాగమే, నేను కాదనను.

ఇక అసలు సంగతి. ఒరిజినల్ క్యాసెట్ కొనే స్తోమత ఆ రోజుల్లో ఎవరికుంది? మద్రాసులో ఉద్యోగం చేసే మేనమామో, పెదనాన్న కొడుకో ఒకటి పట్టుకొస్తే, దాన్ని ట్రంకు రోడ్డులో రికార్డింగ్ సెంటర్‌కు మోసుకెళ్ళి ఖాళీ క్యాసెట్లోకి ఎక్కించుకోవడమే. ఖాళీ క్యాసెట్లు ముఖ్యంగా రెండు రకాలు, 60, 90. తొంభైలో పక్కకు 45 నిమిషాలు. 'డార్క్ సైడ్' 43 నిమిషాలు కాబట్టి ఒక పక్కలో కుదురుగా ఇమిడిపోయింది. 1973లో వచ్చిన ఆ ఆల్బమ్ 1988 దాకా అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో 741 వారాలు ఉందని గొప్పగా చెప్తారు. నెల్లూరులో దాని గొప్పతనానికి కారణం అది కాదు, లేచి పక్క తిప్పే పని లేకపోవడం. 1986లో వచ్చిన స్లేయర్ 'రెయిన్ ఇన్ బ్లడ్' 29 నిమిషాలే. అరవై క్యాసెట్లో ఒక పక్కకు సరి, రెండో పక్క మిగులు. కందుకూరు హాస్టల్ పిలకాయలు దాన్ని నెత్తిన పెట్టుకున్నది అందుకే.

చిక్కంతా 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' దగ్గర వచ్చింది. అది దాదాపు 55 నిమిషాలు. మాటల్లేని 'ఓరియన్' మంచి ఊపులో ఉండగా టక్కుమని టేపు ఆగేది. దాని తర్వాత ఇంకో పాట ఉందని తెలియకుండానే ఎందరో పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని కన్నారు. ఆ తెగిన చోటే ఆల్బమ్ ముగింపు అనుకుని, 'అంత ధైర్యంగా ముగించడం ఇంకెవరి వల్లా కాదు' అని ఒక పెద్దమనిషి నాకు కళ్ళు మూసుకుని మరీ ఉపన్యాసం ఇచ్చాడు.

'మెషీన్ హెడ్'ది దీనికి తిరగబడ్డ కథ. 1971 డిసెంబరులో స్విట్జర్లాండులోని మోంత్రోలో కెసినో తగలబడితే, డీప్ పర్పుల్ వాళ్ళు మూసేసిన హోటల్లో పరుపులు అడ్డం పెట్టుకుని నానా తంటాలు పడి రికార్డు చేసిన ఆల్బమ్ అది. 37 నిమిషాల చిల్లర. తొంభై క్యాసెట్లో ఒక పక్క ఎక్కిస్తే ఏడెనిమిది నిమిషాలు మిగిలిపోతుంది. రికార్డింగ్ సెంటర్ ఆయనకు వృథా అంటే గిట్టదు. "ఏందబ్బయా, అంత ఖాళీ పెట్టి ఇమ్మంటావా? డబ్బులిచ్చినావు గదా" అని బాలు, సుశీల పాడిన రెండు డ్యూయెట్లు వేసి బిగించేవాడు. కాబట్టి జాబితాలో ఎక్కడా లేని బాలు, ఆ జాబితాలోని మూడో నంబరు ఆల్బమ్ చివర నిక్షేపంగా ఉన్నాడు.

రెండో కారకుడు కరెంటు. కరెంటు పోతే టేప్ రికార్డరు సెల్సు మీద నడవాలి. సెల్సు నీరసిస్తే పాటా నీరసిస్తుంది. 1982లో 'ద నంబర్ ఆఫ్ ద బీస్ట్'తో ఐరన్ మెయిడెన్‌లో తొలిసారి గొంతు విప్పిన బ్రూస్ డికిన్సన్ కేక పైనుంచి మెల్లగా జారి జారి పాతాళానికి చేరేది. సెల్సు తీసి మిద్దె మీద ఎండలో పెడితే మళ్ళీ రెండు పాటలకు ప్రాణం వచ్చేది. తీగలు సడలించి అయోమీ సాధించిన శ్రుతిని కావలి కుర్రాళ్ళు పైసా ఖర్చు లేకుండా సాధించారు. దీన్ని ఏ సంగీత చరిత్రకారుడూ రాయకపోవడం మన జిల్లాల మీద ఉన్న చిన్నచూపుకు నిదర్శనం.

(ప్రకాశం వైపు జాబితాల్లో నల్ల అట్టల ఆల్బమ్‌లు ఎక్కువ. ఏసీ/డీసీ 1980 నాటిది, మెటాలికా 1991 నాటిది తప్పనిసరి. చీమకుర్తి గ్రానైట్‌కూ దీనికీ సంబంధం ఉందని నా అనుమానం. రుజువు లేదు గానీ, అక్కడ నలుపు అమ్ముడుపోకపోవడం నేను చూళ్ళేదు.)

ఆల్బమ్ వల్ల ఒక కుటుంబానికి నిజంగా మేలు జరిగినట్టు విచారణలో తేలింది ఒక్క కేసే. వేదాయపాళెంలో ఒక కుర్రాడు గదిలో ఐరన్ మెయిడెన్ పోస్టరు అంటించాడు. పళ్ళు బయటపెట్టిన ఎడ్డీ, అంటే ఆ బ్యాండు అట్టల మీద ఉండే భూతం, తాళ్ళు పట్టుకుని సైతానును ఆడిస్తుంటాడు, సైతాను ఇంకో చిన్న ఎడ్డీని ఆడిస్తుంటాడు. వాళ్ళ అమ్మమ్మ కళ్ళజోడు సవరించుకుని నిదానంగా చూసి, "ఇంత మంచి దిష్టిబొమ్మను నట్టింట్లో పెట్టుకుని ఏం లాభం నాయనా? కొత్తింటికి కట్టకూడదూ" అంది. మర్నాటికల్లా ఎడ్డీ ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, ముప్పై అంకణాల స్థలంలో లేస్తున్న ఇంటి సెంట్రింగ్ కర్రలకు రోడ్డు వైపు తిరిగి వేలాడాడు. మెడలో నిమ్మకాయలు, మిరపకాయలు. శ్లాబు చుక్క కారలేదు. మేస్త్రీ కూడా చెప్పిన తేదీకి పని ముగించాడు. ఈ రెండోది నెల్లూరులో ఎలాంటి అద్భుతమో ఇల్లు కట్టినవాళ్ళకు తెలుసు.

'ఆ గోల ఎట్టా వింటార్రా' అనే పెద్దలను కూడా విచారించాను. వినాయక చవితికి వీధి చివర డీజే బాక్సులు పెట్టించి, కిటికీ అద్దాలు వణుకుతుంటే తృప్తిగా చూసేది వాళ్ళే. కొడుకు మాత్రం పక్కన భార్య లేస్తుందని ఇయర్‌ఫోన్సులో మెటల్ వింటాడు. ఇంట్లో గోల చేసేదెవరో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఫోన్లో అన్నీ పూర్తిగా దొరుకుతున్నాయి. 'ఓరియన్' ఎక్కడా తెగడం లేదు, సెల్సు గొడవ లేదు. అయినా మనవాళ్ళకు చిరాకే. 'మెషీన్ హెడ్' అయిపోగానే యాప్ తనకు తోచిన ఇంకో ఇంగ్లీషు పాట ఎత్తుకుంటోంది. ఒంగోలు నుంచి ఒకాయన మొన్న ఫోన్ చేశాడు.

"అన్నా, దాని తర్వాత రెండు డ్యూయెట్లు వచ్చేవి గదా, ఏ సినిమాలవో గుర్తు రావడంలా. నీకేమన్నా తెలుసా?"

తెలుసు. కానీ వాటిని జాబితాలో పదకొండో నంబరుగా చేరుస్తానని స్టాంపు పేపరు మీద రాసిస్తేనే చెప్తానన్నాను. ఇంట్లో మాట్లాడి చెప్తానన్నాడు.