బావగారి బోటు, నా జేబులో బిరడా

ప్యాంటు ఇంకా తీగ మీదే ఉంది. రెండుసార్లు ఉతికినా గోస్తనీ ఏటి బురద వాసన పోలేదు. ఆ వాసన ఉండగానే ఇది రాసేయాలి. తర్వాతైతే నాకే మెత్తదనం వచ్చి బావగారిని క్షమించేస్తాను, అదీ నా జబ్బు.

బావగారంటే మా అక్క భర్త. టొరంటోలో ఉంటారు. అక్కడ ఒంటారియో సరస్సులో ఆయనకో మోటారు బోటు ఉండేది. మే నెలలో దింపితే అక్టోబరులో పైకి తీసేయాలి. మిగతా కాలమంతా దానికి నిద్ర. ఊరికే నిద్రా? ఇంజన్లో నీరు మిగిలిపోతే గడ్డకట్టి, తొమ్మిది శాతం దాకా ఉబ్బి, దిమ్మనే పగలగొట్టేస్తుందట. అందుకని గులాబీరంగు ద్రవం ఒకటి ఇంజన్లోంచి పారించి, బోటంతా తెల్ల ప్లాస్టిక్ చుట్టి, వేడిగాలి కొట్టి బిగించి పడుకోబెడతారు. పసిపిల్లకి కూడా ఇంత సేవ ఉండదు. దీనికంతటికీ డాలర్లు. ఐదు నెలల ముచ్చటకి పన్నెండు నెలల ఖర్చు.

ఆయన ఆఫీసులో ఒకాయన తన బోటుని ఫ్లోరిడాలో పెట్టుకున్నాడట. మంచు మొదలవగానే విమానమెక్కి వెళ్లి, వెచ్చటి నీళ్లలో తిరిగి వస్తాడు. అక్కడా జూన్ నుంచి నవంబరు దాకా హరికేన్ల కాలమే, ఇన్సూరెన్సు కూడా తడిసి మోపెడు. అయినా ఆ వెచ్చటి నీళ్ల మాట బావగారి బుర్రలో నాటుకుపోయింది. ఒకరోజు రాత్రి ఫోన్ చేశారు.

"ఏవోయ్, ఫ్లోరిడా ఎందుకు? మన వైజాగ్‌లో సముద్రం లేదా? డిసెంబరులో కూడా నీళ్లు పాతిక డిగ్రీలుంటాయి. పైగా నువ్వున్నావు."

ఆ "పైగా నువ్వున్నావు" దగ్గరే నేను ఫోన్ కట్ చేయాల్సింది.

నేనూ ఊరుకోలేదు, క్యాలెండరు ముందు పెట్టుకుని లెక్క చెప్పాను. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, అలలు ఒడ్డు మీదికే వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, ఈ ఊళ్లో పిల్లాణ్ణి నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. 2020 అక్టోబరులో ఎం.వి. మా అనే బంగ్లాదేశ్ ఓడ లంగరు నిలవక తెన్నేటి పార్కు కిందికొచ్చి రాళ్ల మీద కూర్చుంది. అంత ఓడే పార్కుకొచ్చి కూర్చుంటే మీ పద్దెనిమిది అడుగుల బోటు సింహాచలం కొండెక్కుతుంది బావగారూ అన్నాను. ఏప్రిల్, మే నెలల ఎండలో ఆ ఫైబర్ మీద కూర్చుంటే పెసరట్టైపోతాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం కూడా. మనది చేపల బోటు కాదు గానీ, జాలర్లంతా ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ కూర్చుని మనల్నే చూస్తుంటారు, అది ఇంకా కష్టం. ఇక మిగిలేది జనవరి, ఫిబ్రవరి, మార్చి. మీకు సెలవులు దొరికేది జూలైలో. అంటే మీరూ, బోటూ, మంచి సముద్రమూ ఒకేచోట ఉండే రోజులు సున్నా.

"నెగెటివ్‌గా ఆలోచించకు" అన్నారాయన.

బోటు వచ్చేసింది. సెకండ్ హ్యాండ్, అరవై గుర్రాల ఇంజను, కింద ట్రైలరు. మామూలుగా బోటుని నీళ్లలోనే కట్టేస్తారు కదా, కానీ వెచ్చటి ఉప్పునీళ్లలో వారాల తరబడి ఉంచితే అడుగున నాచు, దాని మీద చిన్న చిన్న తెల్ల గుల్లలు సిమెంటేసినట్టు పట్టేస్తాయి. అవి పట్టకుండా రాగి కలిసిన రంగు వేయాలి. ఇది చదివి బావగారు కంగారుపడ్డారు. ఫలితంగా, వెచ్చటి నీళ్ల కోసం కొన్న బోటు ఆ వెచ్చటి నీళ్ల భయంతోనే ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ సెల్లారులో రెండు కార్ల చోటు ఆక్రమించి కూర్చుంది. వాచ్‌మన్ భార్య దాని కవరు మీద మిరపకాయలు ఆరబెట్టుకుంటోంది. నాలుగు నెలల్లో ఆ బోటు వల్ల లాభపడిన జీవి ఆవిడొక్కతే.

ఇంజన్ కింద జింకు ముక్క ఒకటి బిగించి ఉంటుంది. ఉప్పునీరు ఏ లోహాన్నో ఒకదాన్ని తినాలి కాబట్టి ఇంజన్ని వదిలేసి దీన్ని తింటుంది. ఇది కరిగిపోతుంటే ఇంజను నిగనిగలాడుతుంటుంది. ఆ ముక్క గురించి చదివినప్పుడు నాకు మా అక్క పెళ్లి రోజు గుర్తొచ్చింది.

రిజిస్ట్రేషన్ కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరిగాను. అక్కడ సీట్లో ఉన్నాయన కళ్లజోడు పైకి తోసుకుని "చేపలదా, ప్యాసింజర్లదా?" అన్నాడు. సరదాగా తిరగడానికండీ అన్నాను. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "సరదాకి కాలమ్ లేదు సార్" అన్నాడు. ఆ మాటలో చాలా అర్థముంది గానీ అప్పుడు నాకు టైము లేదు, ఎదురుగా ఇంకో కౌంటరుకి పొమ్మన్నారు. అదంతా ఇంకో రోజు రాస్తాను.

మొన్న ఆదివారం దింపాం. సంక్రాంతి వెళ్లింది, సముద్రం నెమ్మదించింది. మొదటిసారి కాబట్టి అలల్లోకి కాకుండా భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోట, ఇసుక తిన్నె వెనక నిలిచిన నీళ్లలోకి అని తీర్మానం. ట్రాక్టరు మాట్లాడాను. మా ఆవిడ కొబ్బరికాయ, అగరొత్తులు, నిమ్మకాయలు ఇచ్చింది. మనకి కాలు తడవకుండా బోటు దింపే ర్యాంపులెక్కడ? ఇద్దరు కుర్రాళ్లు "హైలెస్సా" అని తోశారు. పొద్దున్న తొమ్మిదిన్నర. టొరంటోలో శనివారం రాత్రి పదకొండు. బావగారింట్లో ఆ రాత్రి పాట్‌లక్ అట, అంటే తలా ఒక వంటకం తెచ్చుకునే విందు, పధ్నాలుగు మంది అతిథులు. నా వీడియో కాల్‌ని హాల్లో పెద్ద టీవీకి కలిపారు. "అందరూ చూస్తున్నారోయ్, దర్జాగా తోలు" అన్నారు. నేను ఫోనుని స్టీరింగు పక్కన స్టాండులో బిగించి, లైఫ్ జాకెట్టు వేసుకుని, మూడు బకిల్సూ బిగించి, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాను. ఆ కళ్లద్దాలు లేకపోయినా పరువు కొంత మిగిలేది.

ఒడ్డు నుంచి ఒక యాభై అడుగులు వెళ్లానేమో. నా ఎడమ కాలి చెప్పు ఈదుకుంటూ నా దగ్గరికొచ్చింది.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. బోటెక్కగానే చెప్పులు విప్పి వెనకాల ఇంజన్ దగ్గర పెట్టాను, పూజ చేసిన బోటు కదా అని. ఆ చెప్పు ముందుకొచ్చి నా మడమకి తగిలింది. దాని వెనకాలే సగం కొబ్బరి చిప్ప. చిప్ప వెనకాల అగరొత్తుల స్టాండు పడవలా తేలుతూ, అందులో ఒక అగరొత్తి ఇంకా వెలుగుతూనే. మనిషి బుర్ర విచిత్రమైంది. "మునుగుతున్నాం" అనుకోవడానికి బదులు "భలే ఉందే" అనుకుంది. కార్తీకమాసంలో దొప్పల్లో దీపాలు వదులుతారు చూడండి, అచ్చం అలాగే ఉంది. తేడా ఏమిటంటే ఇవి ఏట్లో కాదు, బోటు లోపల తేలుతున్నాయి.

"కింద ఆ నీళ్లేంటోయ్?" అన్నారు టీవీలోంచి బావగారు.

"తుంపర్లు బావగారూ" అన్నాను. అప్పటికి నీళ్లు చీలమండ దాటాయి.

ఒడ్డున వల ముందేసుకుని బీడీ కాలుస్తున్న తాత ఒకాయన లేచి నిలబడ్డాడు. "ఓ బాబూ! బిరడా ఎట్టలేదేటి?"

బిరడా. బోటు వెనక అడుగున ఒక కన్నం ఉంటుంది. ఒడ్డు మీద ఉన్నప్పుడు లోపల చేరిన వాన నీరు పోవడానికి. నీళ్లలోకి దింపేముందు దానికి ఇత్తడి మర బిరడా బిగించాలి. అంగుళం కన్నమే, కానీ నిమిషానికి రెండు మూడు బకెట్ల నీళ్లు లోపలికొస్తాయి. మా అపార్ట్‌మెంట్ కుళాయి కంటే ఆ కన్నం చాలా నయం.

"ఆపు! ఇంజన్ ఆపేయ్!" అని టొరంటో.

"ఆపీకు బాబూ, గట్టిగా తోలీ!" అని భీమిలి.

తర్వాత తెలిసింది, తాత చెప్పిందే సరి. బోటు వేగం అందుకుని ముక్కు ఎత్తి పరిగెడుతుంటే వెనక కన్నంలోంచి లోపలి నీరంతా బయటికి లాగేసుకుపోతుందట. నిలబడిపోతేనే ముప్పు. కానీ బావగారు పెద్ద చదువులు చదివారు, మా ఇంటి ఆడపడుచునిచ్చిన గౌరవం ఒకటి ఉంది, ఇరవై రెండేళ్లుగా ఆయన ఆపమంటే ఆపడమే అలవాటు. ఆపేశాను.

"నీళ్లు తోడే పంపు ఉంటుంది, స్విచ్ నొక్కు!" అన్నారు. ఆరు స్విచ్‌లున్నాయి. వాటి పక్కన అక్షరాలు ఉప్పుగాలికి ఎప్పుడో చెరిగిపోయాయి. మొదటిది నొక్కితే లైట్లు వెలిగాయి, మిట్టమధ్యాహ్నంలాంటి ఎండలో. రెండోది హారన్. ఆ హారన్‌కి అటువైపు గట్టు మీది కొంగలన్నీ ఒక్కసారి లేచిపోయాయి, ఇటు గట్టు మీదికి అంతకు రెట్టింపు జనం వచ్చి వాలారు. మూడోది స్టీరియో. దాన్ని ఎలా ఆపాలో తెలియలేదు. నాలుగోది నొక్కేసరికి వెనకాల బ్యాటరీ మునిగింది కాబోలు, లైట్లు, హారన్, పాట, అన్నీ పోయాయి. ఆ నిశ్శబ్దంలో టీవీ ముందు ఎవరో ఒకావిడ "గులాబ్ జామ్ ఇంకొకటి వేయనా?" అనడం స్పష్టంగా వినబడింది.

నేను "కాపాడండి" అని అరిచాను. అరిచానన్నది ఒప్పుకుంటాను, వీడియో ఉంది.

తాత బీడీ ఆర్పకుండానే నీళ్లలోకి దిగాడు. నడుచుకుంటూ వచ్చాడు. మామూలుగా, కిరాణా కొట్టుకెళ్లినట్టు. బోటు దాకా వచ్చినా నీళ్లు ఆయన నడుం దాటలేదు. "దిగీ బాబూ, పర్లేదు, నడుం లోతే" అన్నాడు. దిగాను. లైఫ్ జాకెట్టు నన్ను పైకి లేపుతోంది, కాళ్లు బురదలోకి లాగుతున్నాయి, రెండిటి మధ్యా నేను పొంగీ పొంగని ఇడ్లీ పిండిలా ఉన్నాను.

తాత వెనక్కెళ్లి తడిమి, కన్నంలో బొటనవేలు పెట్టి నిలబడ్డాడు. "బిరడా ఏది బాబూ?"

అప్పుడు గుర్తొచ్చింది. దసరాకి ఆయుధపూజలో మా ఆవిడ దానికి పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టి దేవుడి గూట్లో ఉంచింది. అంతకుముందు బావగారు ఫోన్లో పది సార్లు చెప్పారు, "అది పోతే బోటు పోయినట్టే, ప్రాణంలా నీ దగ్గరే పెట్టుకో" అని. పెట్టుకున్నాను. ఆ పొద్దున్నే గూట్లోంచి తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. ఎడమవైపు, గుండె మీద. దాని మీద లైఫ్ జాకెట్టు. దాని మీద మూడు బకిల్స్.

తీయాలా వద్దా? ఇంట్లో మర్చిపోయానంటే మతిమరుపు కింద పోతుంది, ఎవరికైనా ఉండేదే. కొట్టువాడు ఇవ్వలేదంటే నేరం వాడిది. ఏట్లో పడిపోయిందంటే విధి. కానీ ఒంటి మీదే ఉందంటే దానికి ఏ పేరూ లేదు. ఇంత ఆలోచిస్తున్నంతసేపూ తాత ఆ కన్నంలో బొటనవేలు పెట్టుకుని, పాపం, నావైపే చూస్తున్నాడు. బీడీ పొడుగు సగానికొచ్చింది. నా మొహంలో ఏం కనబడిందో ఏమో, "నీ కాడే ఉందేటి?" అన్నాడు.

ఒక బకిల్ తీశాను. రెండోది తీశాను. మూడోది బిగుసుకుపోయింది, తాతే రెండో చేత్తో పీకి పెట్టాడు. జేబులోంచి బిరడా తీశాను. కుంకుమ తడిసి చొక్కా మీద ఎర్రగా కారింది. అది చూసి టీవీలో ఎవరో "అయ్యో, దెబ్బ తగిలింది!" అన్నారు. బావగారు మాత్రం బిరడాని గుర్తుపట్టారు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, అతిథుల ముందు ఏదో ఒకటి అనాలి కదా, అన్నారు:

"అది సరేగానీ, నీళ్లు వెచ్చగా ఉన్నాయా?"

వెచ్చగానే ఉన్నాయి బావగారూ. నడుం దాకా ధ్రువీకరిస్తున్నాను.

బోటు బయటికెలా వచ్చిందో రాయను. ట్రాక్టరువాడు రెండోసారి అద్దె తీసుకున్నాడు, తాత ఏమీ తీసుకోలేదు, అది ఇంకా గుచ్చుకుంటోంది. ఇంజను మెకానిక్ దగ్గరుంది. సెల్లారులో ఖాళీ చోటు చూసి అసోసియేషన్ సెక్రటరీ స్వీట్లు పంచుతాడేమో అనుకున్నాను, బోటు తిరిగి రావడంతో నోటీసు అంటించాడు. వాచ్‌మన్ భార్య మాత్రం కవరు దులిపి వడియాలు పెట్టేసింది.

ఇవాళ పొద్దున్న పార్సెల్ వచ్చింది. బావగారు ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టారట. విప్పితే ఆరు బిరడాలు. క్యాష్ ఆన్ డెలివరీ.