మీసానికి మార్గరిన్

ఇండోనేషియాలోని కొమోడో దీవులకి వెళ్లొచ్చి రెండు రోజులైంది, ఒళ్లింకా మండుతూనే ఉంది. సగం ఎండకి, సగం లబువాన్ బాజో అనే రేవు ఊళ్లో మాకు బోటు మాట్లాడిపెట్టిన ఏజెంటు మీద.

ఒక్కరోజులో ఆరు దీవులన్నాడు. అందులో ఒకటి ఉత్త ఇసుకతిన్నె, సముద్రం పోటు మీదుంటే మునిగిపోతుంది, దాన్నీ దీవి కిందే లెక్కేశాడు. పార్కు టికెట్టు వేరేగా కట్టాలనే ముక్క బోటెక్కాక బయటికొచ్చింది. 1980 నుంచి నేషనల్ పార్కుగా ఉన్న చోటికి టికెట్టు ఉంటుందని ఆయనకి తెలీదనుకోవాలా? సరే. పాదార్ దీవి మీది కొండ ఎక్కాం, దిగాం. మోకాళ్ల సంగతి అడక్కండి.

అసలు కథ పింక్ బీచ్‌లో. ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల ఎర్ర గుల్లలు తెల్ల ఇసుకలో కలిసి ఆ గులాబి రంగు వస్తుందని ముందే చదువుకుని వెళ్లాను, మా ఆవిడకి వివరంగా చెబుతూ పక్కకి తిరిగితే ఆవిడ అప్పటికే నీళ్లలో చేపలు చూస్తోంది. నేనూ కళ్లూ ముక్కూ మూసే అద్దాల మాస్కు, నోట్లో గాలి గొట్టం పెట్టుకుని తల ముంచాను. మూడు సెకన్లలో ముక్కు నిండా ఉప్పునీళ్లు. పట్టీ బిగించాను. మళ్లీ అంతే. ఇంకా బిగిస్తే కనుగుడ్లు బయటికొచ్చేలా ఉన్నాయి కానీ నీళ్లు మాత్రం లోపలికే. మాస్కు పాడైందన్నాను. బోటు కుర్రాడు దాన్ని తన మొహానికి పెట్టి చూసుకుని, తర్వాత నా మొహం చూసి, బోటంతా వినపడేలా "మాస్కు ప్రాబ్లం కాదు సార్, మీసం ప్రాబ్లం" అన్నాడు.

పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ వంక పెట్టని మీసమండీ ఇది! వెంట్రుకలు అడ్డమొచ్చి రబ్బరు చర్మానికి అతుక్కోదట, ఆ సందుల్లోంచి నీళ్లు దూరతాయట. మరి ఆ ఏజెంటు నా కాళ్ల సైజు అడిగాడు, వెజ్జా నాన్‌వెజ్జా అడిగాడు, అరగంట ఎదురుగా కూర్చున్నాడు, ఇంత మీసం కనపడలేదా?

వాజలీన్ రాస్తే ఆగుతుందట. బోటులో వాజలీన్ లేదు. కుర్రాడు వంటింట్లో దూరి మార్గరిన్ డబ్బాతో వచ్చాడు, వెన్నలాంటిదే, పచ్చగా, మెత్తగా, పొద్దున వేసిన అరటిపండు బజ్జీల వాసనతో. నేను వద్దనేలోపే రెండు వేళ్లతో తీసి, పెళ్లికొడుక్కి నలుగు పెట్టినట్టు, ఇటు కొస నుంచి అటు కొస దాకా శ్రద్ధగా పులిమాడు. పక్క బోటులోని తెల్లవాళ్లు ఫోన్లు తీశారు. ఇదేదో మా దేశపు ఆచారం అనుకున్నట్టున్నారు.

పనిచేసిందండోయ్, అదీ చెప్పాలి. చుక్క నీరు రాలేదు. పగడాలు, నీలం చేపలు, అన్నీ అద్దంలా కనపడ్డాయి. ఒక్క నిమిషం. తర్వాత నలుపు చారల బుల్లి చేపలు పది పదిహేను దాకా వచ్చి, మాస్కు బయట మిగిలిన మీసం కొసలు కొరకడం మొదలుపెట్టాయి. నొప్పి లేదు. కానీ ఒక మనిషి మీసాన్ని చేపలు రెండువైపులా పంచుకుని తింటుంటే పరువు ఏం మిగులుతుంది? కేకేస్తే గొట్టంలోంచి శంఖం ఊదినట్టు వచ్చింది. మా ఆవిడ అటునుంచి చెయ్యూపింది, ఆనందంతో అరుస్తున్నాననుకుందట.

ఉప్పునీళ్లతో కడిగితే జిడ్డు పోతుందా? అలాగే ఎక్కాను బోటు. తర్వాతి దీవి కొమోడో.

డ్రాగన్లంటారు గానీ అవి మన ఉడుములే, కాకపోతే మూడు మీటర్ల దాకా పెరుగుతాయి. అక్కడివాళ్లు 'ఓరా' అంటారు, పక్కింటి కుర్రాణ్ణి పిలిచినట్టు. చివర పంగ ఉన్న కర్ర పట్టుకుని రేంజరు వరసగా చెప్పుకుపోతున్నాడు: ఇవి నాలుకతోనే వాసన పడతాయి, కిలోమీటర్ల అవతల చచ్చిన జింకని కూడా కనిపెడతాయి, నోట్లో విషగ్రంథులూ ఉన్నాయి. మనకి ఉడుంపట్టు ఒకటే తెలుసు, ఉడుం నాలుక గురించి ఎవరు చెప్పారు?

"ఏవండీ, మీరు కాస్త దూరంగా నడవండి" అంది మా ఆవిడ.

చెట్టు కింద పడుకున్నది తలెత్తింది. పసుప్పచ్చటి నాలుక ఒకసారి బయటపెట్టింది. మళ్లీ పెట్టింది, ఈసారి నా వైపు. రేంజరు కర్ర అడ్డం పెట్టి, వెనక్కి నా దగ్గరికొచ్చి, గాలి పీల్చి, "లంచ్‌లో ఏం తిన్నారు సార్?" అన్నాడు.

అప్పటికి రెండు దాటింది. లంచ్ ఇంకా పెట్టలేదన్నాను. అదీ ఆ ఏజెంటు పుణ్యమే.